రమీలాబెన్ కొసరు

2020 ఎండాకాలం, సూరత్‌ల లింబాయత్ గల్లీ. మా కూరగాయల దుకాణం అక్కడనే. దుకాణమంటే పెద్దగ అనుకునేరు. ఇంటి ముంగట రెండు బల్లలు, మీద ఒక రేకు, ఒక కాంటా, గంతే. మా ఆయన మగ్గాల కార్ఖానాల పనిజేస్తడు, దుకాణం నేను నడుపుత. పెండ్లయి కరీంనగర్ దిక్కు నుంచి ఈ ఊరికి వచ్చినప్పటి సంది అమ్ముడు, కొనుడే నా పని. ఇన్నేండ్ల పనిల మర్చిపోలేని ముచ్చట ఒకటి చెప్పమంటే నేను ఇదే చెప్త. చెప్తుంటే జర గర్వంగనే ఉంటది, దాసుకునుడెందుకు.

ముందుగాల మా పని ఎట్లుంటదో చెప్పాలె. రైతు తన కూరగాయలు తెచ్చి పెద్ద మార్కెట్ల కమిషన్ ఏజెంట్ ముంగట పోస్తడు. కమిషన్ ఏజెంట్ అంటే రైతుకు, మా అసొంటి దుకాణపోళ్లకు నడుమ ఉండి వేలం పాడించేటాయన. వేలం ముందు గ్రేడింగ్ అయితది, అంటే సైజు, రంగు చూసి మంచియి ఒక దిక్కు, వంకరటింకరయి ఒక దిక్కు వేస్తరు. మేం కొని తెచ్చి అమ్ముతం. పొద్దూకేసరికి వాడిపోయింది, కుళ్లింది వేస్టేజ్. ఆ వేస్టేజ్ ఎంత తక్కువ చేసుకుంటే దుకాణం అంత నిలబడ్డట్టు.

ఇగ ఎవ్వరూ నేర్పని పద్ధతి ఇంకోటున్నది, కొసరు. తూకమైనంక మీదికెళ్లి వేసే పిడికెడు. మా గల్లీల ఉండేదంత మగ్గాల పనికి వచ్చిన తెలంగాణోళ్లు. మా ఆడోళ్లు కొసరు లేకుంట బేరం అయిపోయిందని ఒప్పుకోరు. వంకాయలు సంచిల పడంగనే వాళ్ల చెయ్యి దానంతట అదే మిరపకాయల కుప్ప మీదికి పోతది. రెండు మిరపకాయలో, నాలుగు కొత్తిమీర రెమ్మలో తీసుకుంటరు. నేను "ఓ అక్కా, దుకాణం మొత్తం కట్టుకపో" అంట, ఆమె నవ్వుతది, మల్ల రేపొస్తది. ఎవరి చెయ్యన్నా కుప్ప మీదికి రాకుంటే నా మీద ఏమన్నా కోపమొచ్చిందేమో అని నేనే పరేషాన్ అయిత.

లాక్‌డౌన్ల మగ్గాలు బందైనయి. పోగలిగినోళ్లు ఊర్లకు పోయిండ్రు. పిల్లలు, ముసలోళ్లు ఉన్నోళ్లు ఇక్కడనే చిక్కిండ్రు. పెద్ద మార్కెట్ ఒకనాడు తెరిస్తే ఒకనాడు మూసేది. నా బల్లల మీద ఆలుగడ్డ, ఉల్లిగడ్డ తప్ప ఏమీ లేకుండె. కూరగాయలోళ్లకు తిరగనీకె పాస్ ఇచ్చిండ్రు, మా మరిదికి టెంపో ఉన్నది. ఏజెంట్ కోసం ఎదురుచూసుడెందుకు, పండేకాడికే పోదాం పా అన్న. మా ఆయన నీకేమన్నా పిచ్చి లేసిందా అన్నడు. లేసింది అని చెప్పి టెంపో ఎక్కిన.

ఓల్పాడ్ దిక్కు ఊర్లల్ల తిరుగుతుంటే ఒక వంకాయ తోట కనబడ్డది. కాయలు ముదిరి పసుపు తిరుగుతున్నయి, తెంపేటోళ్లు లేరు. ఒక్క ఆడమనిషి మాత్రం కొంగు నడుముకు చెక్కుకొని వంగి కలుపు తీస్తున్నది. కొనేటోడే లేని తోటల కలుపెందుకు తీస్తున్నవని అడిగితే, తోట తోటనే గదా, గడ్డి పెంచుకుంట ఎట్ల ఊకుంట అన్నది. ఆమెనే రమీలాబెన్, బెన్ అంటే గుజరాతీల అక్కో చెల్లెనో అన్నట్టు. నేను హిందీల, ఆమె గుజరాతీల, ఇద్దరికీ సగం సగం అర్థమయ్యేది. ఆ సగంతోనే మా దోస్తీ మొదలైంది.

ఆమె పెనిమిటి ఛగన్‌భాయ్ ఒడ్డు మీద కూసున్నడు. మాటల్ల అసలు సంగతి బయటపడ్డది. పక్క పొలాలన్నీ రొయ్యల గుంటలైనయి. ఈ తోట కూడ ఇయ్యమని రొయ్యలాయన తిరుగుతున్నడట. పంట మార్కెట్‌కు పోయే తొవ్వ లేదు, ఇచ్చేద్దామని ఛగన్‌భాయ్ అంటున్నడు. రమీలాబెన్ మాత్రం, ఒక్కసారి ఉప్పునీళ్లు నింపితే ఆ మట్టిల మల్ల ఏమీ మొలవదు, నేను కాపురానికొచ్చినప్పటి సంది చేసిన పొలం అన్నది. ఆ మాట అనేటప్పుడు ఆమె కండ్లు నా దిక్కు లేకుండె, తోట దిక్కే ఉండె.

ఆమె పీకి పడేసిన కలుపు ఒడ్డు మీద కుప్పగ ఉన్నది. ఊకె చూస్తే నా పానం లేసొచ్చింది. ఎర్ర కాడలు, చిన్న చిన్న దళసరి ఆకులు, నిఖార్సయిన గంగవాయిలి కూర. ఎండాకాలం ఊర్లకు పోయినప్పుడు మా ఆడోళ్లు మామిడికాయ ఏసి పప్పుల వండుకొని లొట్టలేసుకుంట తినేది ఇదే. ఆ ఏడు ఎవ్వరూ ఊరికి పోలేదు, ఎవ్వరి నోటికీ అది తగల్లేదు. మా నాయనమ్మ వండేది, ఇప్పుడెవరు తింటరని రమీలాబెన్ నవ్వింది. దీన్ని లూణీ అంటం, తీసుకపో, కలుపుకు పైసలేంది అన్నది. వంకాయలు కొన్న, గంగవాయిలి కుప్ప మొత్తం సంచిల కూరిన.

మరునాడు పొద్దున వంకాయలు కొన్న ప్రతి ఒక్కలకు ఒక పిడికెడు గంగవాయిలి కొసరేసిన. గల్లీ గల్లీకి మాట పాకింది. పసుపు తిరిగిన వంకాయలు, వేస్టేజ్‌ల పోవాల్సినయి, పగటీలికే అయిపోయినయి. కండెలు చుట్టే నర్సవ్వ అయితే ఆకు మొకానికి ఆనించుకొని వాసన చూసుకుంట అక్కడనే నిలబడ్డది, కదలదు. వరుస ఆగిపోతున్నది అవ్వా అంటే, ఆగనీ బిడ్డా, ఎక్కడికి పోతున్నరు అందరు అన్నది.

ఇట్ల నాలుగైదుసార్లు తెచ్చినంక నాకో ఆలోచన తట్టింది. నడుమ ఏజెంట్ పోయి నేనే ఇంకో ఏజెంట్ అయితున్న గదా. రైతే వచ్చి కూసుంటే ఏమైతది? మా ఆయన పనిజేసే కార్ఖానా సేఠ్‌ను అడిగితే, మగ్గాలే నడుస్తలేవు, వాకిలి వాడుకో బెన్, శుభ్రం చేసి ఇయ్యి అన్నడు. రమీలాబెన్‌కు ఆదివారం నువ్వే రా అని ఫోన్ చేసిన. ఆమె ఎన్నడూ చిల్లరగ అమ్మలేదు, భయపడ్డది. ఛగన్‌భాయ్ ఒక మాట ఖాయం చేసిండు. ఈ ఆదివారం చూద్దాం, కుదరకుంటే మంగళారం రొయ్యలాయనకు మాటిస్త అన్నడు.

ఆదివారం కార్ఖానా వాకిట్ల సున్నంతోని గుండ్రాలు గీసినం, మనిషికి మనిషికి ఎడం. మూతులకు గుడ్డలు కట్టుకొని అందరు వరుసల నిలబడ్డరు. మా మరిది టెంపోల వచ్చిన రమీలాబెన్ వంకాయలు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు కుప్పలు పోసుకొని కూసున్నది. మొదటి బేరం నర్సవ్వది. వంకాయలు తూకమైనయి, సంచిల పడ్డయి, నర్సవ్వ చెయ్యి ఎప్పటిలెక్కనే మిరపకాయల కుప్ప మీదికి పోయింది. రమీలాబెన్ గభాల్న ఆ మణికట్టు పట్టుకున్నది.

"చోరీ చేస్తున్నది" అన్నది నా దిక్కు తిరిగి.

నర్సవ్వకు ఆ ఒక్క ముక్క హిందీ బాగనే తెలుసు. నన్ను దొంగ అంటదా, ఈ గల్లీల ఇన్నేండ్ల నుంచి ఉంటున్న, ఎవ్వరి గడ్డిపోచ ముట్టలేదు అని లొల్లి. కరోనా దినాలల్ల నా చెయ్యెట్ల పట్టుకున్నదని అదొక లొల్లి. వరుసల వెనకున్నోళ్లు నర్సవ్వ దిక్కు మాట్లాడవట్టిరి. రమీలాబెన్ మొకం ఎర్రగైంది. లేసి కుప్పల మీద గుడ్డ కప్పింది.

"కుప్పల చెయ్యి పెట్టేటోళ్ల నడుమ నేను కూసోను, బెన్" అని టెంపో దిక్కు నడిచింది.

ఛగన్‌భాయ్ టెంపో కాడనే ఉన్నడు. నేను ముందుగాలనే చెప్పలేదా అన్నట్టు చూసిండు. ఇప్పుడు ఈమె టెంపో ఎక్కిందంటే మంగళారం ఆ తోటల ఉప్పునీళ్లు పడ్డట్టే. ఉరికి పోయి ఎదురుంగ నిలబడ్డ. మార్కెట్ల నీ వంకాయలు తూకమైనంక ఏజెంట్ మనిషి దోసిళ్లతోని తీసి తన గంపల వేసుకుంటడా లేదా అని అడిగిన. వేసుకుంటడు అన్నది. ఆయన చెయ్యి ఎన్నడన్నా పట్టుకున్నవా అన్న. లేదని తల ఊపింది.

"ఆయన తీసుకొని నీ మొకం కూడ చూడడు. ఈ అవ్వ తీసుకొని మల్ల ఆదివారం నీ కాడికే వస్తది. మా దగ్గర దీన్ని కొసరంటరు. ఇది దొంగతనం కాదు రమీలాబెన్, మల్ల వస్త అని చెప్పుడు."

ఆమె నర్సవ్వ దిక్కు తిరిగి చూసింది. తర్వాత అన్న మాట నేను ఇప్పటికీ మర్చిపోలే.

"అట్లయితే ఆమె ఎందుకు తీసుకోవాలె? నా పంట. నా చేతితోని నేనే ఇస్త."

నాకు బుర్రల దీపం వెలిగినట్టయ్యింది. నిజమే గదా. ఇన్నేండ్ల నుంచి ఇస్తున్న నేను ఆ మాట అనుకోలేదు. వరుస ముంగట నిలబడి అందరికి వినబడేటట్టు చెప్పిన: ఇగ కుప్పల ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు, రోగాల కాలం, కొసరు మాత్రం ఖాయం, రైతు తన చేతితోని ఇస్తది. నర్సవ్వ మూతి ముడుచుకొని పక్కకు నిలబడ్డది. రమీలాబెన్ టెంపోల చెయ్యి పెట్టి ఒక గోనెసంచి తీసుకొని మల్లొచ్చింది. నాకోసమని తెచ్చిన గంగవాయిలి అది. రెండు చేతుల నిండ తీసి నర్సవ్వ సంచిల వేసింది, చెయ్యి పట్టుకున్నందుకు మాఫ్ చెయ్యమన్నది. నర్సవ్వ సంచిలకు తొంగి చూసింది. మూతి ముడుపు మెల్లగ ఇడిసింది.

"ఇంకింత వెయ్యి బిడ్డా" అన్నది.

అది తెలుగే, కానీ రమీలాబెన్‌కు తర్జుమా అక్కరపడలేదు. వరుస మొత్తం నవ్వింది. ఆ పొద్దు తెచ్చిన గంపలన్నీ ఖాళీ అయినయి. పోయేటప్పుడు ఛగన్‌భాయ్ నా కాడికొచ్చి, వచ్చే ఆదివారం బెండకాయలు ఎక్కువ తెమ్మంటవా అని అడిగిండు. మంగళారం సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

అటెన్క ఆమె చెప్తే ఆమె ఊరోళ్లు వచ్చిండ్రు, పక్క ఊరోళ్లు వచ్చిండ్రు. మా బజారుకు ఒక్కటే షరతు పెట్టిన. కొసరుకని అమ్మకానికి లేని వస్తువు ఒకటి తేవాలె, చేతితోని ఇయ్యాలె. ఒకాయన కరివేపాకు తెచ్చేటోడు, ఒకామె మునగాకు, ఇంకొకామె గుమ్మడిపూలు. చలికాలంల పాపడీ చిక్కుడు వచ్చింది, పచ్చజొన్నల పోంక్ వచ్చింది. మా దిక్కు ఊసబియ్యం అంటమే, గదే. మా ఆయన నోట్ల ఏసుకొని కండ్లు మూసుకున్నడు. గుజరాతీలు, మరాఠీలు, ఒడియావోళ్లు, భేస్తాన్ దిక్కు నుంచి కూడ షేర్ ఆటోలల్ల వచ్చేటోళ్లు. వాకిలి సాలక గల్లీల కూడ కూసున్నరు. రెండో ఏడు రోగం మల్ల ముదిరినప్పుడు బజారు బంద్ చేసి సంచులు కట్టి ఇండ్లకు పంపినం. జరమొచ్చి తలుపేసుకొని ఉన్న నర్సవ్వకు పోయే సంచిల రమీలాబెన్ గంగవాయిలి వేరే ముడి కట్టి పెట్టేది. ఆమె లేసి తిరిగినంక మొదటి ఆదివారం ఇద్దరు ఒకరినొకరు చూసుకొని ఏడ్సిండ్రు, నేనూ ఏడ్సిన.

2022ల మగ్గాలు మల్ల మంచిగ నడవవట్టినయి, సేఠ్‌కు వాకిలి కావాలె. ఎక్కడికి పోవాల్నో అని మేం తండ్లాడుతుంటే ఊరి నడిమిట్ల, రింగ్ రోడ్డు దగ్గర, ఒక ఖాళీ జాగల రైతు బజారు పెడతమని కొందరు ముందుకొచ్చిండ్రు. మా రైతులందరినీ పిలిచిండ్రు. మంచి టెంట్లు, ఒక్క తీరు బల్లలు, డిజిటల్ కాంటాలు. లింబాయత్ వాకిలెక్కడ, ఇదెక్కడ. నిర్వాహకుడు వయసు పిలగాడు, మర్యాదస్తుడు. ఎట్ల నడుపుతమో అందరికీ చెప్పిండు. తూకం కచ్చితంగ ఉండాలె, ధర బోర్డు మీద ఉండాలె, ఎక్కువ ఇచ్చుడు తక్కువ ఇచ్చుడు ఉంటే ఒక్కో బల్ల కాడ ఒక్కో లెక్కైతది, అందుకని కొసరు వద్దు అన్నడు. ఆయన తిరకాసుతోని చెప్పలేదు. నేను ఏమనాల్నో ఆలోచిస్తున్న, ఇంత మంచి జాగ చేజారొద్దని లోపల గుంజుతనే ఉన్నది.

నా కన్న ముందు రమీలాబెన్ లేసింది. బల్ల మీద అప్పుడే పరిచిన వంకాయల మీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ చూసి నాకు మొదటి ఆదివారం యాదికొచ్చింది.

"కొసరు లేని బజారుల నేను కూసోను, భాయ్" అన్నది.

కొసరు అన్న ముక్క మాత్రం తెలుగులనే అన్నది. రెండేండ్ల కింద దాన్నే చోరీ అన్నది. ఛగన్‌భాయ్ ఆమె పక్కకొచ్చి నిలబడ్డడు. ఎనక మునగాకామె, కరివేపాకాయన, ఒక్కలొక్కలే లేసి గుడ్డలు కప్పిండ్రు. ఆ పిలగాడు రమీలాబెన్ బల్ల ముంగటికొచ్చిండు. ఈ కొసరంటే ఏందో నాకు చూపెట్టుండ్రి అన్నడు. రమీలాబెన్ గుడ్డ తీసింది. ఆయనకు వంకాయలు తూచి సంచిల పోసింది, డిజిటల్ కాంటా మీద కచ్చితంగ, గింజంత ఎక్కువ తక్కువ లేకుంట. అప్పుడు బల్ల కిందికి వంగి గంగవాయిలి రెండు చేతుల నిండ తీసి మీద వేసింది. ఆయన సంచి దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు, తూకం తూకమే గదా, ఇది వేరే అన్నడు. బోర్డు మీద ధరల కింద ఆయన చేతితోనే గుజరాతీ అక్షరాలల్ల కొసరు అని రాసిండు.

ఆ బజారు ఇప్పటికీ ఆదివారం కూసుంటది. ఇన్నేండ్ల దుకాణంల నాకు తెలిసింది ఒక్కటే. కొసరు తీసుకునేటోళ్లది కాదు, ఇచ్చేటోళ్లది. అది నేను నేర్పలేదు, రమీలాబెన్ నాకు నేర్పింది. ఎండాకాలం వస్తే ఆమె తోటల వంకాయ సాళ్ల నడుమ గంగవాయిలి అట్లనే ఉంటది. కూలోళ్లు పీకబోతే ఛగన్‌భాయ్ ఒడ్డు మీది నుంచే కేకేస్తడట, అది కలుపు కాదు, ఇడిసిపెట్టుండ్రి అని.