రెంజల్ మామ తోట వంకాయలు

మా వార్డెనమ్మ పోయింది. శనివారం మధ్యాహ్నం పోస్టుకార్డు వచ్చింది. బోధన్‌లో ఆమె పక్కింట్లో ఉండే దర్జీ భార్య ఎవరితోనో రాయించింది. "అమ్మ బుధవారం పొద్దున పోయింది. సమాధి కూడా అయిపోయింది. మీకోసం పెట్టినవి ఉన్నాయి, జల్ది వచ్చి తీసుకుపోండి." అంతే, నాలుగు ముక్కలు.

కార్డు చదివి నేను ఏడవలేదు. ఒళ్లు మండింది. పోట్లాట సగంలో ఉండగా అవతలి మనిషి లేచి వెళ్లిపోతే మనం ఏం చేయాలి? మీరే చెప్పండి. రెండేళ్లుగా ఆమెతో మాట్లాడలేదు నేను. మాట్లాడకపోవడానికి కారణం వంకాయలు. నవ్వకండి. నవ్విన వాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మా బాపు నన్ను బోధన్‌లో చర్చివాళ్లు నడిపే చిన్న ఆడపిల్లల హాస్టల్లో వదిలి వెళ్లాడు. ఆ హాస్టల్ ఇప్పుడు లేదు. అప్పుడు ముప్పై మందిమి ఉండేవాళ్లం. అందరం చెరుకు నరికేవాళ్ల పిల్లలం, బండ్లు తోలేవాళ్ల పిల్లలం. చక్కెర కార్ఖానా నడిచే కాలంలో ఊరు ఊరంతా కాగిన చెరుకు రసం వాసన వేసేది. మా పళ్లాల్లో మాత్రం జొన్నరొట్టె, వంకాయ కూర.

మొదటి రోజే నేను రచ్చ చేశాను. వంటింటి అరుగు మీద వార్డెనమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. ఒక వంకాయలోంచి లావుపాటి పురుగు బయటికి వచ్చింది. "ఛీ, నేను తినను" అని అరిచాను. ఆమె కోప్పడలేదు. ఆ పురుగును చిటికెన వేలి మీదికి ఎక్కించుకుని నా ముఖం దగ్గరికి తెచ్చింది.

"ఇగో, దీనికి దండం పెట్టు బిడ్డా. పురుగు తిన్నదే మనం తినాలె. మందు కొట్టినదాన్ని ఇది ముట్టదు. మనకన్న దీనికే ఎక్కువ ఎరుక" అంది. తర్వాత పుచ్చు ఉన్న మేరకు చెక్కేసి, మిగిలిన తెల్లటి ముక్క నాకు చూపించింది. "పుచ్చు అయితే కోస్తె పోతది. మందు కోస్తె పోతదా?"

ఆ మాట నా మనసులో మేకులా దిగింది. అప్పటికే మా వైపు చెరుకు తోటలకు సర్కారు ఎరువు సంచులు వస్తున్నాయి. కూరగాయల మళ్లలో తెల్లపొడి చల్లుతున్నారని అందరూ చెప్పుకునేవాళ్లు. మా కూరగాయలు అలాంటివి కావు. మావి రెంజల్ మామ తోటలోవి. రెంజల్ మామ అంటే వార్డెనమ్మ తమ్ముడు, బోధన్ దగ్గరి రెంజల్ ఊళ్లో ఉంటాడట. పెంట ఎరువు తప్ప ఇంకోటి వేయడట. అక్క మీద ప్రేమతో మాకోసం వారం వారం అంగడి జరిగే రోజున గంపెడు పంపుతాడట. అందుకే మా వంకాయలకు పుచ్చులు, మా బెండకాయలకు వంకరలు, మా టమాటాలకు పగుళ్లు.

ఆ రెంజల్ మామను మేం ఎవరమూ చూడలేదు. చూడకపోతేనేం, ప్రతి సాయంత్రం ప్రార్థనలో ఆయనకు చోటు ఉండేది. "ప్రభువా, రెంజల్ మామ తోటకు వానలు కురిపించు" అని ముప్పై గొంతులతో అడిగేవాళ్లం. ఒక ఏడు వానలు లేక గంపలో నాలుగు ఎండిన గోరుచిక్కుళ్లే వస్తే, మామ ఏం తింటున్నాడో అని చిన్నపిల్లలు ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. ఆ రోజు వార్డెనమ్మ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తమ్ముడి కోసం అనుకున్నాను.

క్రిస్మస్‌కు గరిజెలు చేసేవాళ్లం. గరిజెలంటే కొబ్బరి, నువ్వులు, బెల్లం కూరి వేయించేవి. కోస్తా వైపు కజ్జికాయలంటారు. ఏడాదికి ఒక్కసారి వంటింట్లో నూనె బాండలి నిండుగా కాగేది ఆ రోజే. మా వంతుకు మూడేసి వచ్చేవి. అందులోంచి ఒక్కోటి మేమే తీసి రెంజల్ మామకు పంపేవాళ్లం. మూత మీద చిలక బొమ్మ ఉన్న బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. దాంట్లో సర్ది, పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఇచ్చేదాన్ని నేనే. ఎందుకంటే పదో తరగతికి వచ్చేసరికి వంటింటి పెత్తనం నాది. ఆమె అంత నమ్మింది నన్ను. అంత నమ్మిందని నేను అనుకున్నాను.

ఆమె అలవాట్లు చాలావరకు నాకు అంటుకున్నాయి. కూరగాయను కళ్లతో చూసి కొనవద్దనేది. "కండ్లు మోసపోతయి బిడ్డా, వేలు మోసపోదు." వంకాయను చేతిలోకి తీసుకుని బొటనవేలితో తొడిమ దగ్గర నుంచి చుట్టూ తడిమేది. రంధ్రం దొరికితే "ఆఁ, మంచిది" అనేది. ఆదివారం మాత్రం అన్ని రకాల ముక్కలూ కలిపి, కాస్త నువ్వుల పొడి వేసి ఒకే కూర చేసేది. ఆదివారం కూర అనేవాళ్లం దాన్ని. సగం వంకాయ, పావు బీరకాయ, రెండు చిక్కుళ్లు, ఒక గుమ్మడి ముక్క, అన్నీ అందులోకే. అంత రుచిగల కూర నేను మళ్లీ ఎక్కడా తినలేదు. ఈ మాట రాయడానికి కూడా నాకు కష్టంగానే ఉంది.

చదువు అయింది, టీచరు ట్రైనింగు అయింది, నిజామాబాద్‌లో ఉద్యోగం, పెళ్లి. అత్తవారిల్లు కలిగిన ఇల్లు. మా అత్తమ్మ నిగనిగలాడే కూరగాయలు తప్ప కొనదు. నేను వచ్చాక యుద్ధం మొదలైంది. నేను బజారుకు వెళితే పుచ్చు వంకాయలే ఏరి తెచ్చేదాన్ని. "ఓ పిల్లా, నీకు కండ్లు కనవడ్తలెవ్వా?" అని ఆమె, "పురుగుకు తెలిసినంత మనకు తెలువదు అత్తమ్మా" అని నేను. మూడేళ్లు పట్టింది ఆమెను దారికి తేవడానికి. చివరికి ఆమే వీధిలో ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. "మా కోడలు మందు ముట్టని కూరగాయలు తిని పెరిగింది. వాళ్ల వార్డెనమ్మకు రెంజల్ల తోట ఉండె" అని. హాస్టల్లో పెరిగిన బీదపిల్ల అన్న మాట ఆ ఇంట్లో అప్పటి నుంచి వినిపించలేదు. రెంజల్ మామ తోట నాకు పుట్టిల్లు అయింది. బడిలో పిల్లలకూ అదే పాఠం. బజారులో కూరగాయలవాళ్లు పుచ్చువి పక్కకు తీసిపెట్టి "టీచరమ్మా, నీయి ఈడున్నయి" అని పిలిచేవాళ్లు.

రెండేళ్ల కింద ఒక రోజు అత్తమ్మా నేనూ కలిసి బజారుకు వెళ్లాం. ఒక ముసలవ్వ గంపతో కొత్తగా కూర్చుంది. బోధన్ రైల్లో వచ్చిందట. నేను బొటనవేలితో తడిమి తడిమి పుచ్చువి ఏరుతుంటే ఆమె పకపకా నవ్వింది.

"ఓ బిడ్డా, గదేంది గట్ల ఏరుతున్నవు? అచ్చం మా బోధన్ హాస్టలమ్మ ఏరినట్టే!"

నాకు సంతోషం పట్టలేదు. "ఏ హాస్టలమ్మ అవ్వా? ఆమె నాకు తెలుసు. ఆమెకు కూరగాయలు కొనే పనే లేదు కదా, తమ్ముడి తోట ఉండె" అన్నాను.

"తోటనా? ఆమెకు తోట ఏడిది, తమ్ముడు ఏడిది! అంగడి ఇడిసినంక మేము పారబోసినయి ఏరుకపోయేది పాపం. ముప్పై మంది ఆడపిల్లలు, పైసలు సరిపోవు అనేది. మేము గూడ జర ఎక్కువనే పారబోసేటోళ్లం ఆమె కోసం. ఉత్తగ తీసుకునేది కాదు. ఏటా గరిజెలు తెచ్చి అందరికీ పంచేది. చిలుక బొమ్మ డబ్బల తెచ్చేది."

చిలక బొమ్మ డబ్బా అనకపోతే నేను నమ్మేదాన్ని కాదు. ఆ మూత మీద గుడ్డ కప్పినవి నా చేతులే.

అత్తమ్మ నా పక్కనే ఉంది. అంతా విన్నది. మొదట నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. "అయ్యో, గిన్నేండ్ల సంది నాకు గూడ పారబోసినయే తినిపిస్తివి గద కోడలా!" అంది. నవ్వితే నవ్వనీ, అది కాదు నా బాధ. నవ్వు ఆగాక ఆమె నన్ను ఒక చూపు చూసింది. పెళ్లికి ముందు, పెళ్లిచూపుల రోజు చూసిన చూపు అది. ఏడేళ్లు కష్టపడి సంపాదించుకున్న పుట్టిల్లు ఆ బజారులో, ఆ గంప ముందు పోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది.

మరుసటి ఆదివారమే బోధన్ వెళ్లాను. హాస్టల్ మూసేశాక వార్డెనమ్మ చర్చి వెనక ఒక గదిలో ఉండేది. అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. నేను కూర్చోలేదు.

"మీ తమ్ముడు మంచిగున్నడా అమ్మా?" అన్నాను.

"ఏ తమ్ముడు బిడ్డా?" అంది.

చూశారా! తన అబద్ధం తనకే గుర్తులేదు. నేను మాత్రం దాని మీద కాపురం కట్టుకున్నాను. నా ముఖం చూశాక ఆమెకు అర్థమైంది. చేట పక్కకు పెట్టింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తె ఏంది? మా తోని ప్రార్థన గూడ చేయిస్తివి గద. లేని మనిషి కోసం మోకాళ్ల మీద కూసుండి ఏడ్చినం."

"చేస్తె ఏమైంది? ఆ వానలు ఎవలకు పంపాల్నో దేవునికి ఎరుకనే గద" అంది. ఎంత తేలికగా అంది! తర్వాత గొంతు తగ్గించింది. "పారబోసినయి అని చెప్తె ఎవలకన్న ముద్ద దిగుతుండెనా? పుచ్చు కోస్తె పోతది బిడ్డా. పారబోసిన మాట కోస్తె పోదు."

"అందరికీ చెప్పొద్దు. నాకు? పదో తరగతిల వంట చూసింది నేను గాదా? ఆ డబ్బ సర్దింది నేను గాదా?"

"నీకు చెప్తె తినుడు బంద్ చేస్తుంటివి. నీ రోషం నాకు తెల్వదా?"

నిజమే. మానేసేదాన్నే. అయినా ఆ నిర్ణయం నాది కావాలి కదా! నా నోట్లోకి వెళ్లేది ఏమిటో నాకు తెలియాలి కదా! అందరికంటే ఎక్కువ నన్ను నమ్మిందనుకున్నాను. ఆ ముప్పై మందిలో ఒకదాన్నే అయ్యాను. అబద్ధం మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది అందరికీ, నాకు కూడా. ఆ మాటే ఆమె ముఖం మీద అనేశాను. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి అంది.

"మల్ల అంగడికి రా బిడ్డా. పుచ్చులేనియి కొని వండి పెడ్త."

"నాకొద్దు" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

కార్డు వచ్చిన మర్నాడు బోధన్ వెళ్లాను. సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. దర్జీ భార్య తాళం తీసి గదిలోకి తీసుకెళ్లింది. మంచం, బైబిలు, కత్తిపీట, చిలక బొమ్మ డబ్బా. చిలక రంగు వెలిసి తెల్లబడింది. గోడకు వేలాడుతున్న బుట్టలోంచి ఆమె ఒక గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవే బేటీ. సోమవారం అంగడి నుంచి తెచ్చింది. రెండేళ్ల సంది ప్రతి అంగడికి నాలుగు వంకాయలు కొనేది. పొద్దుగాలనే పోయేది, తాజావి దొరకాలని. ఎవరొస్తరమ్మా అంటే, మా బిడ్డ వస్తది, దానికి కోపం ఎక్కువ, జర ఆలస్యమైతది అనేది. మీరు రాకపోతే రెండు రోజులు చూసి మా పిల్లలకు వండి పెట్టేది. ఈసారి వండనీకి ఆమె లేకపాయె. మాకు మనసు ఒప్పలే."

మూట విప్పాను. నాలుగు వంకాయలు. ఆరు రోజులకు తోలు కాస్త ముడతలు పడింది. అక్కడే, ఆ గదిలోనే నిలబడి బొటనవేలితో చుట్టూ తడిమాను. ఒక్క రంధ్రం లేదు.

అప్పుడు ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. ఒకసారి చెప్పకుండా మోసం చేసింది, ఇంకోసారి చెప్పకుండా వెళ్లిపోయింది. ఎదురు చూస్తున్నానని ఒక్క కార్డు రాయిస్తే చేతులు పడిపోయేవా? రాస్తే వచ్చేదాన్నా అంటే, అది నన్ను అడగకండి.

సాయంత్రానికి ఇల్లు చేరాను. కత్తిపీట వేసుకుని, గిన్నెలో ఉప్పునీళ్లు పోసుకుని కూర్చున్నాను. మా చిన్నది వచ్చి పక్కన కూలబడింది.

"గివి మంచిగున్నయి అమ్మా. పురుగులు లెవ్వు. ఎవలిచ్చిండ్రు?"

ఎదురుగా అత్తమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"రెంజల్ మామ పంపిండు" అన్నాను.

అత్తమ్మ నా వైపు చూసింది. ఈసారి నవ్వలేదు. "మంచి తోట బిడ్డా అది" అంది పిల్లతో. మళ్లీ బియ్యం ఏరుకుంది.

మొదటి వంకాయను కోశాను. లోపల తెల్లగా ఉంది. రెండోది చేతిలోకి తీసుకున్నాను. రంధ్రం లేదని తెలుసు. అయినా నా బొటనవేలు తొడిమ దగ్గర నుంచి చుట్టూ వెతుకుతూనే ఉంది.