వారానికి రెండు గుద్దులు

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. ఎవరు చెప్పారో తెలియదుగానీ, ధూళి పడితే అది చెడిపోతుందని అందరం గట్టిగా నమ్మాం. ప్రత్తిపాడుకు అవతల ఉన్న మా హైస్కూలుకు ఎవరో పుణ్యాత్ములు అరడజను కంప్యూటర్లు ఇచ్చారు. వాటికి పూలగుడ్డతో ముసుగులు కుట్టించి, గదికి తాళం వేసి, తాళంచెవి హెడ్మాస్టారు గారు జేబులో పెట్టుకుని తిరిగేవారు. పిల్లలు కిటికీ సందులోంచి తొంగిచూసి, నేను వరండాలో కనపడితే చాలు, ‘టీచర్, వాటి ముసుగు ఎప్పుడు తీస్తారు?’ అని వెంటపడేవాళ్ళు. అలా ఏడాది గడిచాక పైనుంచి కబురొచ్చింది. ఆన్‌లైన్ కంప్యూటరు కోర్సు పాసైన టీచరు స్కూల్లో ఒక్కరన్నా ఉండాలట. లేకపోతే వేసవి సెలవుల్లోపే ఆ కంప్యూటర్లు పొన్నూరు దగ్గర ఇంకో స్కూలుకు వెళ్ళిపోతాయట.

లెక్కల మాస్టారు చేస్తారని అందరం అనుకున్నాం. ఆయనేమో ‘నాకు మిరప కోతలున్నాయండీ, నన్నొదిలేయండి’ అని తప్పుకున్నారు. (ఆయన చేలో ఆ ఏడు వేసింది పత్తి.) నేను చేస్తానంటే మాత్రం ‘తెలుగు టీచర్ గారికి కంప్యూటరెందుకులెండి, ఛందస్సు నేర్పుతారా దానికి?’ అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ‘నేనే చేస్తాను, చేసి చూపిస్తాను’ అనేశాను. ఆన్‌లైన్ అంటే ఏమిటో ఇంటికెళ్ళాక ఎవరినన్నా అడుగుదామనుకున్నాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు పిల్లల నోట్లో ళ, ణ చక్కగానే పలుకుతాయి. కాగితం మీదికి వచ్చేసరికే నీళ్ళు కాస్తా ‘నీల్లు’, పెళ్ళి కాస్తా ‘పెల్లి’ అయిపోతాయి. అది చూస్తే నాకు పూనకం వచ్చేది. ‘అక్షరం మారితే అర్థం మారుతుందిరా, మనిషి పరువు పోతుందిరా’ అని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. నా క్లాసులో ఒత్తు తప్పినా బతకవచ్చుగానీ, ళ తప్పితే బతకడం కష్టమని పిల్లలు చెప్పుకునేవారు.

మా బళ్ళో నెట్ లేదు గనుక కోర్సు కోసం శనివారాలు బడి కాగానే గుంటూరులో ఒక నెట్ సెంటరుకు వెళ్ళేదాన్ని. మిరపకాయల కాలం. బస్సు టాపు మీద కాయలు కుక్కిన టిక్కీ బస్తాలు, లోపల మేము, దిగేదాకా తుమ్ములే తుమ్ములు. ముక్కు ఎర్రగా చేసుకుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో క్యారేజీ పట్టుకుని నేను లోపలికి అడుగుపెడితే, కర్టెన్ల వెనకాల కూర్చున్న కుర్రాళ్ళు ఎవరి అమ్మో వెతుక్కుంటూ వచ్చిందనుకుని గబగబా సర్దుకునేవారు. పాఠాలు చెప్పే మేడం హైదరాబాదులో ఎక్కడో ఉండేవారు. ఆవిడ వీడియోలో ‘నమస్కారమండీ, ఈ రోజు తెలుగు టైపింగ్...’ అనేవారు, అంతే, నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగిపోయేవారు. ఎన్నిసార్లు పెట్టినా ఆ పాఠం అక్కడితో సరి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడతాయన్న సంగతి మాత్రం అర్థమైంది. మిగతాదంతా నా సొంత తెలివితో నెట్టుకొచ్చాను.

చివరి పరీక్షగా, మీ బడిలో జరుగుతున్న ఒక మంచి పని గురించి తెలుగులో రాసి పెట్టమన్నారు. కోర్సులో ఉన్న టీచర్లందరూ దాన్ని చదువుతారట. నేను మధ్యాహ్న భోజనంలో ఇచ్చే కోడిగుడ్డు గురించి రాశాను. చూపంతా కీబోర్డు మీదే. ఒక్కో అక్షరం వెతుక్కుని, ఒక్క వేలితో పొడిచి, అయ్యీ అవగానే పంపేసి, ఒళ్ళు విరుచుకుని బస్సెక్కాను. తర్వాతి శనివారానికి మేడం నుంచి ప్రశ్న వచ్చి ఉంది: ‘టీచర్ గారూ, ఇది నిజమేనా? మీ బడిలో ఇప్పటికీ ఇలా జరుగుతోందా?’ మారుమూల పల్లెలో పిల్లలకు గుడ్డు పెడుతున్నామంటే నమ్మలేకపోతోంది కాబోలు, పట్నం మనిషి, అనుకున్నాను. పౌరుషం పొడుచుకొచ్చింది. ‘నూటికి నూరుపాళ్ళు నిజం. వారానికి రెండు రోజులు తప్పకుండా ఇస్తాం. మా హెడ్మాస్టారు గారు దగ్గరుండి ఇస్తారు. పిల్లలు ఇష్టంగా తింటారు’ అని ఘాటుగా జవాబు కొట్టాను.

సోమవారం ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతుంటే హెడ్మాస్టారు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బల్లి మీద పడినా దాన్ని నొప్పించకుండా దులుపుకునే మనిషి ఆయన. ముఖం పాలిపోయి ఉంది.

‘అమ్మా, నేను మీకేం అపకారం చేశాను?’ అన్నారు.

‘అయ్యో, అదేం మాటండీ?’

‘హైదరాబాదు నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది. నేను దగ్గరుండి పిల్లల్ని గుద్దుతానని రాశారటగా! వారానికి రెండు గుద్దులట! ఎల్లుండి సాయంత్రంలోగా సంజాయిషీ రాకపోతే మిమ్మల్ని ఫెయిల్ చేస్తారట. అదే జరిగితే కంప్యూటర్లు పోయినట్టేనమ్మా.’

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇద్దరం తుమ్ముకుంటూ గుంటూరు చేరాం. నేను రాసింది తెర మీదికి రాగానే హెడ్మాస్టారు గారు కళ్ళజోడు సవరించుకుని, బడిలో వాచకం చదివినంత స్పష్టంగా, పైకే చదవడం మొదలుపెట్టారు. ‘వారానికి రెందు రోజులు ప్రతి పిల్లకీ ఒక గుద్దు ఇస్తాం. ఆ గుద్దు చూదగానే పిల్లల కల్లు మెరుస్తాయి. హెద్మాస్తారు గారు దగ్గరుంది ఇస్తారు. పిల్లలు ఇష్తంగా తింతారు...’ కర్టెన్ల వెనక నుంచి ఒక్కొక్క నవ్వే బయటికొచ్చింది. ‘కల్లు కూడానా అమ్మా?’ అన్నారాయన నీరసంగా. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లల కాగితాల మీద ఏ అక్షరాల కోసం నేను అంత రభస చేసేదాన్నో, ఆ అక్షరాలన్నీ నా చేతి కింద ఒక్కటి మిగలకుండా పోయాయి. నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది.

ఎంత కొట్టినా ద తప్ప డ పడదు. ఎల్లుండి దాకా కొట్టినా పడదనిపించింది. ఇంతలో హెడ్మాస్టారు గారు తెరను దగ్గరగా చూద్దామని వంగి కీబోర్డు మీద చెయ్యి ఆనించారు. దేన్ని నొక్కారోగానీ ఉన్నట్టుండి డ పడింది! ఆనందంతో ‘పిల్లలు’ అని కొట్టాను. ‘పీళ్ళాళూ’ అని పడింది. ఇద్దరం కాసేపు ఆ పీళ్ళాళ వంక చూస్తూ కూర్చున్నాం. అప్పుడు వెలిగింది. ఆయన చెయ్యి తగిలింది పెద్దక్షరాల మీటకు. ఇంగ్లీషు చిన్నక్షరం కొడితే ద, పెద్దక్షరం కొడితే డ. ల, ళ అంతే. న, ణ అంతే. ఆ మీట తీసేసి, డ దగ్గర మాత్రం ఎడమచేత్తో షిఫ్ట్ నొక్కిపట్టి, కుడిచేత్తో ‘గుడ్డు’ అని కొట్టాను. తెర మీద గుండ్రంగా గుడ్డు పడింది. ‘పడిందమ్మా!’ అని హెడ్మాస్టారు గారు చప్పట్లు కొట్టారు. కర్టెన్ల వెనక కుర్రాళ్ళు కూడా కొట్టారు.

సంజాయిషీలో జరిగింది జరిగినట్టే రాసేశాను. షిఫ్ట్ నొక్కకపోతే గుడ్డు గుద్దవుతుందనీ, కళ్ళు కల్లవుతాయనీ, ‘పండి’ అని రాయబోతే పంది వచ్చి కూర్చుంటుందనీ రాసి, నాలాంటివారెవరన్నా ఉంటే జాగ్రత్త అని ముగించాను. దాని కింద ఒక్కొక్కరే టీచర్లు చేరారు. తమకూ ఆ వీడియో అక్కడే ఆగిపోయిందట, అడగడానికి నామోషీ అనిపించిందట. మేడం మాత్రం ఒకే ఒక్క వాక్యం రాశారు: ‘నేను చెప్పలేకపోయిన పాఠం మీరు చెప్పారు, మీరు పాస్.’ కంప్యూటర్లు మా బళ్ళోనే ఉండిపోయాయి. తలుపు తీసిన రోజున పిల్లలు చెప్పులు గుట్టగా వదిలి, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చారు. వాళ్ళను చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

చాలా ఏళ్ళ తర్వాత, నా రిటైర్మెంటు ముందు, మా బడికి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారు స్టాఫ్ రూములో నవ్వుతూ చెప్పాడు, వాళ్ళ కోర్సులో ఇప్పటికీ ఒక గుద్దుల కథ చెబుతారట. ‘ఎవరో తెలుగు టీచరమ్మటండీ, ఈ జిల్లానేనట. పాపం, ఏమీ రాకపోయినా ధైర్యంగా కూర్చుని కొట్టేసిందట. మీరెప్పుడన్నా విన్నారా?’

‘విన్నానయ్యా. ఆవిడ నాకు బాగా తెలుసు’ అన్నాను. ‘కాస్త తొందర మనిషి. కానీ మంచిదే.’