బంతిలో కూర్చున్న ఈరన్న

కోడుమూరు బస్టాండు పక్కన ఉరుకుందప్ప టీకొట్టులో పొద్దున్నే సినిమాలకు తీర్పులు చెప్పేస్తారు. ఏది ఆడుతుందో, ఏది రెండో రోజుకే తట్టాబుట్టా సర్దుకుంటుందో ఆ బెంచీ మీదివాళ్లకు ముందే తెలుసు. హీరోకూ విలన్‌కూ మధ్య గట్టి గొడవ లేకపోతే సినిమా నిలబడదని అందరిదీ ఒకటే మాట. ఉరుకుందప్ప టీ వడపోస్తూ తలాడించేవాడు.

ఒకరోజు ఆ బెంచీ మీదికే రాజశేఖర్ వచ్చాడు. కర్నూలు కుర్రాడు, మొదటి సినిమా తీయడానికి కథ వెతుక్కుంటున్నాడు. ఉరుకుందప్పకు కథంటే ఒకటే, చనిపోయిన తన అన్న ఈరన్న. పొలానికి పోయే బండిబాట కోసం వాళ్లకు అదే ఊరి ప్రకాశం ఇంటితో ఏళ్ల తరబడి కొట్లాట. రెండు వైపులా తలలు పగిలాయి. చివరికి ఈరన్న విసిగిపోయి, ప్రకాశం చెల్లెలి పెళ్లికి ఒంటరిగా, ఒట్టి చేతులతో వెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాడు. పందిరంతా బిగుసుకుపోయింది. ప్రకాశమే వచ్చి విస్తట్లో అన్నం వడ్డించాడు. అంతే, గొడవ తెగిపోయింది. తమ ఇంటి అన్నం తిన్నవాడి మీద చెయ్యెత్తడమంటే ఆ ఊళ్లో కత్తి పట్టిన మొనగాళ్లకు కూడా సిగ్గే. తర్వాత కొన్నేళ్లకు ఈరన్న కామెర్లతో పోతే ప్రకాశం వచ్చి పాడె మోశాడు.

రాజశేఖర్ అంతా విని పెదవి విరిచాడు. మనుషులు మంచివాళ్లేగానీ ఇందులో సంఘర్షణ లేదన్నాడు.

"బంతిలో తింటా ఉండంగానే నరికేస్తే ఎట్టుంటాది, మామా? ఇంటర్వెల్‌కు థియేటర్ ఊగిపోతాది."

బెంచీ మొత్తం సై అంది. ఉరుకుందప్ప మనసు కలుక్కుమంది. కానీ కాదంటే ఆ కుర్రాడు లేచిపోతాడేమో, అన్న పేరు తెరకెక్కకుండా పోతుందేమో.

"నరికించుకోప్పా, సినిమానే గదా. మా అన్న పేరూ, ఊరి పేరూ మాత్రం మార్చొద్దు" అన్నాడు.

పేర్లు ఉంచితే నరికిందెవరో లోకానికి విడమర్చి చెప్పాలా? ఆ పిచ్చి మారాజుకు అది తట్టనే లేదు.

సినిమా విడుదలైన రోజు ఊరంతా ఆటోల్లో కర్నూలు వెళ్లింది. విస్తరి మీద అన్న తల వాలగానే హాల్లో ఈలలు మోగాయి. ఉరుకుందప్ప కూర్చోలేక బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఆ వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. గొడవ చాలలేదని బెంచీ తేల్చింది.

ఊళ్లో మాత్రం సరిపోయింది. ప్రకాశం ఉరుకుందప్పతో మాట్లాడ్డం మానేశాడు. ఉరుకుందప్పే అతని ఇంటికి వెళ్లి నిలబడ్డాడు. కూర్చోమని కూడా అనలేదు ఆ ముసలాయన.

"నేను నరకలేదని నీకు తెల్సు, నాకు తెల్సు. సంతలో నన్ను సూసి గుసగుసలాడేటోల్లకు ఎవురు సెప్పల్ల? పగబట్టి సంపినాడంటే పడతా. అన్నం పెట్టి సంపినాడంటే యాడికి పోయి సచ్చేది, ఉరుకుందా?"

ఉరుకుందప్ప కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

ఇంట్లో, ఆ సినిమా చూసొచ్చిన అన్న కూతురు శివాని అన్నం ముట్టకుండా కూర్చుని ఉంది. తండ్రి పోయేనాటికి ఒళ్లో పిల్ల. కన్న తండ్రిలా ఇతనే పెంచాడు.

"మా నాయన కామెర్లతో పోలేదు గదా, సిన్నాయనా?"

కామెర్లేనని ఒట్టేశాడు. ఆ నరుకుడు ఉత్త కల్పన అని, దానికి ఒప్పుకున్నది తానేనని చెబుతూ ఏడ్చాడు. ఆ పిల్ల చలించలేదు. తనవాళ్లు ఇంత పిరికివాళ్లా అన్నట్టు చూసింది.

"భయపడి దాసినావు. ఇన్నేండ్లూ నాతో ఆ ప్రకాశాన్ని పెదనాయనా అని పిలిపించినావు."

"కాదమ్మా, నా మాట నమ్ము."

"నేను కండ్లారా సూసినా" అంది శివాని.