బాణం లేని గని

ట్రెసా పెంగెల్లీ పుట్టింది ఆస్ట్రేలియా ఎడారిలో, రత్నాల గనుల ఊరు కూబర్ పీడీలో, కొండను తొలిచి కట్టుకున్న ఇంట్లో. దీపాన్ని ఏటవాలుగా పట్టుకుని రాతిలో ఓపల్ రత్నం రంగు వెతకడం అమ్మ నేర్పింది. నలభై దాటాక, అడిలైడ్‌లో, స్నేహితుడు గోరన్‌తో కలిసి ఆ చీకటినే వీడియో గేమ్‌గా మలిచింది. గనిలో దిగిన పిల్ల దూకుతూ, పాకుతూ, గోడలో సన్నటి రంగు మెరిసిన చోట తోవ కనుక్కోవాలి. దారి తప్పడమే ఆట.

కొత్త గేముల ప్రదర్శన రోజు మధ్యాహ్నం, డ్యూటీ దిగి వచ్చిన ఒక నర్సు ఆడడానికి కూర్చుంది. ట్రెసా వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరైనా ఆడుతుంటే తయారుచేసినవాళ్లు నోరు విప్పకూడదు. ఆ హాల్లో అందరూ పాటించే కట్టుబాటు అది.

తెర మీద దారి చూపిస్తూ పచ్చటి బాణం వెలిగింది. నర్సు గోడల వంక చూడనైనా లేదు. బాణం వెంట నడిచి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

ట్రెసాకి ఒళ్లు మండిపోయింది.

"ఎవర్నడిగి పెట్టావు గోరన్, ఆ బాణం?"

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లంతా మొదటి గదిలోనే ఇరుక్కుపోతున్నారు."

"ఇరుక్కోనీ. అయిదేళ్లు గోడలు గీశాను. వాటి మీద బస్టాండు బోర్డు తగిలిస్తావా?"

"నీ గోడలు కనపడితే కదా మహారాణీ. అంతా నలుపే."

"కళ్లుంటే కనపడతాయి."

విసురుగా కూర్చుని బాణం తీసేసింది. చూసింది. నలుపే. హాలు దీపాలు తెర మీద పడి గనిని మింగేశాయి. ఇన్నేళ్లూ కర్టెన్లు మూసిన గదిలో, గుహలో పెరిగిన కళ్లతో గీసింది. వెలుతురులో పెట్టి ఒక్కసారీ చూసుకోలేదు. కోపం తన మీదికీ తిరిగింది. గోరన్ మీద మాత్రం తగ్గలేదు.

"నలుపుగా ఉందని చెప్పొచ్చుగా?"

"చెబితే వింటావా నువ్వు?"

ట్రెసా కోటు విప్పి తెర మీద గుడారంలా కప్పింది.

"ఇదేంటమ్మా, పాతకాలం ఫోటో స్టూడియోనా?" అంటూ ఒక పెద్దాయన తల లోపల పెట్టాడు.

కోటు కింద మీటల టకటక. చాలాసేపు. ఆగిపోయింది. గోరన్ నోరు తెరవబోయాడు.

"మూసుకో," అంది ట్రెసా పళ్ల బిగువున.

లోపల్నుంచి పెద్దాయన గొంతు వచ్చింది, మెల్లగా: "ఎవరూ ఏమీ చెప్పకండి. ఈ గోడలో ఏదో నీలంగా ఉంది."

మీటలు మళ్లీ మోగాయి. కోటు జారకుండా ట్రెసా రెండు చేతులా పట్టుకుని నిలబడింది. హాలు మూసేదాకా గోరన్‌తో మాట్లాడలేదు.