తీసింది చూపించిన చెయ్యి

పోయిన సోమవారం పొద్దున ఆదోనిలో నా పెద్ద కూతురి డయాలసిస్ మంచం పక్కన కూర్చుని ఉండగా నందవరం నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని చెప్పారు. ఆమె మా అమ్మకు అక్క, నలభై ఏళ్లు మంత్రసాని పని చేసింది. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ల గురించి చెప్పారు. అది అందరికీ తెలిసిందే. ఎవరూ చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. దాని గురించి ఆమె బతికుండగా నన్ను మన్నించమని నేను అడగలేదు. పది చదివి, ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను ఇప్పుడు కలం పట్టింది అందుకే.

కాన్పు అయ్యాక మాయ పడితే పెద్దమ్మ దాన్ని వెంటనే పాతిపెట్టనిచ్చేది కాదు. సత్తు పళ్లెంలో పరిచి, వెలుతురులోకి తెచ్చి, అంచు చుట్టూ వేలు తిప్పి చూసేది. తునక లోపల ఉండిపోతే తల్లి ప్రాణానికే ముప్పు. అంతటితో ఆగేది కాదు, కన్నతల్లిని తలెత్తి చూడమనేది. మొహం తిప్పుకున్నా వదలదు.

"నీలోంచి తీసిందమ్మా, సూడు. ఇంతే తీసినా. పెరట్లో గోడ పక్కన పెట్టిస్తాండా."

నా రెండు కాన్పుల్లోనూ అలాగే చూపించింది. నాకు చిరాకు వేసింది.

పెద్దదాని కిడ్నీలు పాడయ్యాయి. ఇంట్లో ఎవరి కిడ్నీ కూడా దానికి కుదరదన్నారు. పోయిన ఏడాది ఎమ్మిగనూరులో మా ఇంటికి కొత్త వైద్యం ఉందంటూ ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. మెత్తని మాట. గోడ మీది బైబిలు వాక్యం చూసి వందనాలు కూడా చెప్పాడు. రోగి ఒంట్లోంచి ఒక కణం తీసి, ఆడమనిషి అండంలో పెట్టి, ఐదారు రోజులు పెంచుతారట. క్లోనింగ్ అంటారట. దాంట్లోంచి తీసిన కణాలతో కిడ్నీ పెంచితే రోగి శరీరం దాన్ని తనదే అనుకుంటుందట. అండాలు చెల్లెలివైతే మేలన్నాడు. చిన్నదాన్ని శుక్రవారం పరీక్షలకు పంపిస్తానని నేను అక్కడికక్కడే మాట ఇచ్చాను. ప్రార్థన చేయమని పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె ప్రార్థన చేసుకుని, ఆటో ఎక్కి వచ్చింది.

శుక్రవారం అతను కారు తెచ్చేసరికి పెద్దమ్మ మా గడప మీద కూర్చుని ఉంది. ఎన్ని అండాలు తీస్తారని అడిగింది. అది డాక్టర్లు చూసుకుంటారన్నాడు.

"ఆ ఐదారు రోజులది ఎవురి పోలికప్పా?"

"అచ్చం మీ పాప పోలికేనమ్మా. కానీ అది బిడ్డ కాదు."

"ఎన్ని దినాలకు బిడ్డంటారు మీరు? ఇంతమందిని పట్టినా నాకు తెల్దు. నీకు తెలిసినట్టుంది, సెప్పు."

అతను ఫోన్ చూసుకున్నాడు. కణాలు తీశాక మిగిలింది ఎక్కడ పెడతారని, అండాలిచ్చిన పిల్లకు దాన్ని చూపిస్తారా అని ఆమె మళ్లీ అడిగింది. సంతకం అయ్యాక అన్నీ వివరిస్తారన్నాడు. పెద్దమ్మ నవ్వింది.

"మాయకే గుంత యాడుందో సెప్పి పోతాను నేను. నీకు కారుంది, జవాబు లేదు."

తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది. "దీన్ని అడిగినావా?"

చిన్నది బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్క కోసం ఏవో రక్త పరీక్షలని మాత్రమే నేను దానికి చెప్పాను.

జవాబులు తెస్తానని వెళ్లినతను మళ్లీ రాలేదు, ఫోనూ కలవలేదు. నా బిడ్డ బతుకును గడప దగ్గరే ఆపేసిందని ఏడు నెలలు పెద్దమ్మతో నేను మాట్లాడలేదు. చివరికి డయాలసిస్ డాక్టరుగారిని అడిగాను. అలా కిడ్నీ పెంచి మనిషికి పెట్టడం తానెక్కడా వినలేదన్నారు. అండాలు మాత్రం నిజంగానే తీసుకునేవారేమో, అవి ఎక్కడికి పోయేవో తనకు తెలియదన్నారు. రేపు ఆ వైద్యం నిజమైనా పెద్దమ్మ అడిగిన మాటలు అలాగే ఉంటాయి. ఇప్పుడు నాకు ఆ మనిషి మీద కన్నా నా మీదే అనుమానం ఎక్కువ. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డను ఏమీ చెప్పకుండా కారెక్కించబోయాను. అది కూడా దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ.

సమాధి నుంచి వచ్చాక చిన్నదానికి అంతా చెప్పాను.

"అడిగింటే వచ్చేదాన్నేమోమా" అంది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా దాచండి. పెద్దదానికి మాత్రం చూపించకండి. తన కోసం ఏమేం చేయబోయామో తెలిస్తే ఆ మంచం మీద పడుకోలేదు.

ఆ ఏడు నెలల్లో, నేను మాట్లాడకపోయినా పెద్దమ్మ ఒకసారి ఆదోని వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని, నర్సమ్మను అడిగి, నా కూతురి చేతి నుంచి మిషను దాకా, మిషను నుంచి మళ్లీ చేతి దాకా రక్తం పారే ఎర్రని గొట్టాల వెంబడి, తగలకుండా, వేలు నడిపించుకుంటూ పోయింది.

"పోతాంది. మళ్లా వస్తాంది" అని పెద్దదానికి చూపించింది.