అత్త సగం తిరిగిన కోట

మా మేనత్త పోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు నేను మహబూబాబాద్‌లో పాఠం చెప్పడానికి క్లాసుకు వెళ్తున్నాను. పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడికి దీపం పెట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. జనగామ రైలెక్కాక నాకు ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. జనవరిలో మేమిద్దరం శ్రీలంకకు వెళ్లాలి. అక్కడ గాలేలో ఆమెకు ఒక కోట సగం మిగిలిపోయింది.

ఆ సగం సంగతి అర్థం కావాలంటే ఆమె పద్ధతి తెలియాలి. అత్తకు పిల్లల్లేరు. మామ తొందరగా పోతే ఆయన పప్పుల హోల్‌సేల్ కొట్టును ఒంటిచేత్తో నిలబెట్టింది. యాభై దాటాక చిన్న కెమెరా ఒకటి కొనుక్కుంది. అప్పటినుంచి ఏటా కొట్టు మా బాపుకు అప్పగించి, సముద్రపు ఒడ్డున గోడలున్న పాత ఊళ్లకు ప్రయాణం కట్టేది. డామన్‌కు పోయొచ్చింది, డయ్యూకు పోయొచ్చింది. పాడుబడ్డ కోటలు ఆమెకు పట్టవు. గోడల లోపల ఇంకా సంసారాలుండాలి. "రాజులు పోయిన్రు, బట్టలు ఆరేసేటోళ్లున్నరు. గదే సూడాలె" అనేది.

చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, గోడను కుడివైపు ఉంచుకుని, ఊరి చుట్టూ బయటినుంచి నడిచేది. గోడ మలుపు తిరిగిన చోటల్లా ఒక ఫోటో. గోడ నీళ్లలోకి దిగిన వైపు నడవడం కుదరదు కాబట్టి అక్కడ పడవ మాట్లాడేది. ఈత రాదు. జనగామలో నీళ్ల ట్యాంకరుకన్నా పెద్ద నీళ్లు చూడని మనిషి, పడవ అంచు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోటో తీసేది.

ఇంటికొచ్చాక ఆ ఫోటోలను కొట్టు గోడలకు అదే వరుసలో, గుమ్మానికి ఒక పక్కన మొదలుపెట్టి రెండో పక్కదాకా తగిలించేది. మళ్లీ కొత్త ఊరు తిరిగొచ్చేదాకా అవే. కందుల బస్తాల మధ్య నిలబడితే మనమూ ఆ ఊళ్లో ఉన్నట్టే ఉండేది. పాలకుర్తి నుంచి కందులు తెచ్చిన రైతులు గిది ఏ గుడి అక్కా అని అడిగేవాళ్లు. ఆమె తూకం మీంచి కళ్లు తీయకుండానే "గుడి గాదు, ఊరు" అనేది.

మొన్నటి వేసవి సెలవుల్లో నన్నూ గాలేకు వెంటేసుకుపోయింది. నేల వైపు గోడ పొడవునా నడిచాం. నా అరికాళ్లు బొబ్బలెక్కాయి, ఆమె మాత్రం ముందే నడిచింది. రేవు దగ్గర గోడ సముద్రంలోకి దిగింది. అలలు పెద్దవిగా ఉన్నాయి. జనవరిలో రమ్మని, ఇప్పుడైతే పడవ దించలేమని పడవవాళ్లు చేతులూపేశారు. ఆమె మన తెలుగులోనే బతిమాలింది, దబాయించింది. వాళ్లు నవ్వారు గానీ కదల్లేదు. చివరికి రేవు మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంది.

"సగమైంది బిడ్డా, తక్కిన సగానికి మల్లొద్దాం" అంది. నీళ్లంటే భయమున్న నేను, పడవ తప్పిందని లోపల సంతోషిస్తున్నది కనిపెట్టేసినట్టుంది. "నువ్వు బుగులు వడకు. కుడిదిక్కు గోడనే సూస్తుంటే నీళ్లు కండ్ల వడవు."

ఇంటికి రాగానే కొట్టులో సగందాకా ఫోటోలు తగిలించింది. మిగతా సగానికి వట్టి మొలలు కొట్టించింది. మొలలుంటే పోక తప్పదని ఆమె లెక్క.

అస్థికలు కాళేశ్వరంలో కలిపాం. పడవెక్కగానే అంచును రెండు చేతులా పట్టుకున్నాను. కుండ ఒళ్లో పెట్టుకుని బాపు ముందు కూర్చున్నాడు. నేను కుడివైపు ఒడ్డునే చూస్తూ కూర్చున్నాను. మెట్లు, మనుషులు, ఎవరివో ఆరేసిన చీరలు. అత్త చెప్పింది నిజమే, నీళ్లు కనబడలేదు. అప్పుడు ఏడ్చాను.

తిరుగుదారిలో కాటారం దాటకముందే బాపుకు చెప్పేశాను, జనవరిలో గాలేకు నేను పోతున్నానని. ఆయన ఒప్పుకోలేదు. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగకుండా గుడి మెట్లే ఎక్కం, ప్రదక్షిణ ఎట్ల చేస్తవన్నాడు.

"గుడి గాదు బాపూ, ఊరు" అన్నాను.

నేను మర్నాడే టికెట్ తీసుకున్నాను. బాపుకు చెప్పలేదు, దాచనూ లేదు.

అత్త లేని కొట్టులో అడుగుపెట్టడం ఇంకా కష్టంగానే ఉంది. మొన్న వెళ్లేసరికి నూనె కంపెనీ మనిషి కొత్త క్యాలెండర్ తెచ్చి, ఖాళీగా కనబడ్డ మొలకు తగిలిస్తున్నాడు. బాపు కుర్చీలోంచి లేచాడు. క్యాలెండర్ తీసి, చుట్టచుట్టి, అతని చేతిలో పెట్టాడు.

"ఇంకోతాన పెట్టు తమ్మీ" అన్నాడు. "గా మొలలకు సముద్రం రావాలె."