ఒక్కసారిగా ఆపేసిన మాత్ర

పెసరగింజ కంటే కాస్త పెద్దదిగా ఉండే ఆ మాత్రను నేను ఎనిమిది నెలలు రోజూ మింగాను. కంగారు తగ్గడానికని డాక్టరమ్మ రాసింది మూడు వారాలకే. ఆ తర్వాత నాకు నేనే డాక్టర్ని. మణికొండలో మా వీధి చివరి మెడికల్ షాపాయన నా పాత చీటీని చూసీ చూడనట్టు చూసి, "జర తక్కువ వాడుండ్రి సార్" అని ఓ మాట అనేసి ఇచ్చేవాడు. నా భార్యకు చెప్పలేదు. ఆవిడ నర్సు. ఇలాంటి మందుల్ని రోజూ తన చేత్తో ఇచ్చే మనిషి దగ్గరే దాచానంటే నా తెలివిని మెచ్చుకోవాలి.

వారం వారం విదేశీ క్లయింటుకు మా పని చూపించాలి. దాన్ని డెమో అంటాం. ఆ రోజు పొద్దున్నుంచే నాకు గొంతు ఎండిపోయేది, గుండె దడదడలాడేది. మాత్ర వేసుకున్నాక అదే తెర, అవే ప్రశ్నలు, భయం మాత్రం ఉండేది కాదు. ఎంత హాయిగా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది ఎలా పనిచేస్తుందో ఫోన్‌లో చదివాను. మెదడు తనను తాను శాంతపరచుకోవడానికి గాబా అనే రసాయనాన్ని తయారు చేసుకుంటుంది. నాడీకణం మీద గ్రాహకాలనే చిన్న గేట్లుంటాయి. గాబా వచ్చి తాకితే గేటు తెరుచుకుని క్లోరైడ్ లోపలికి పోతుంది, కణం ఉరకలు మానుతుంది. మాత్ర ఆ గేటును తనంతట తాను తెరవదు. పక్కనే మరో చోట అతుక్కుని, గాబా వచ్చినప్పుడు గేటు మరిన్ని సార్లు తెరుచుకునేలా చేస్తుంది. అంటే ఆ ప్రశాంతత నాదే, మాత్ర కొంచెం ఊతమిస్తుందంతే! పొంగిపోయి ఫోన్ పక్కన పెట్టేశాను. రోజూ ఊతమిస్తూ పోతే గేట్లు మొండికేస్తాయనీ, మెదడు ఆ మందుకు తగ్గట్టు తనను మార్చుకుంటుందనీ ఆ కిందే రాసి ఉంది. అంతదాకా నేను చదవలేదు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో కొత్త మార్పు బెడిసికొడితే రోల్‌బ్యాక్ చేస్తాం. ఒక్క ఆదేశంతో పాతది పాతలాగే తిరిగొస్తుంది. ప్రాజెక్టు ముగిసి డెమోలు లేని ఓ సోమవారం, మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేశాను. నా పాత మెదడు కూడా ఎక్కడో భద్రంగా ఉందనే అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఎనిమిదేళ్ల మా అమ్మాయిని స్కూలు నుంచి కారులో తీసుకొస్తున్నాను. గచ్చిబౌలి వంతెన ఎక్కేసరికి చేతులు వణకడం మొదలైంది. హారన్లు భరించలేకపోయాను. ఆ తర్వాత రెండు మూడు క్షణాలు నాకు గుర్తు లేవు. తెలివొచ్చేసరికి కారు గోడవైపు పోతోంది. బ్రేకు తొక్కాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా!" అని అరిచిన అరుపు నా ప్రాణం ఉన్నంతకాలం మరిచిపోలేను.

ఫోన్ చేస్తే నా భార్య యూనిఫాంలోనే ఆటోలో వచ్చింది. ముందు పాపను తడిమి చూసుకుంది. తర్వాత నా చేతులు చూసి, "ఏం మందు వాడుతున్నారండీ?" అని అడిగింది. చెప్పాను. తిట్టలేదు.

"ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా నాకు అన్నీ చెప్పుకుంటారండీ. మీరు చెప్పలేకపోయారా?" అంది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడకు మాత్రం బాగా కోపమొచ్చింది. "ఒక్కసారిగ ఆపిన్రా? గిట్ల ఎవరన్న చేస్తరా సార్? పెద్ద ఫిట్స్ వస్తే పాప సంగతేంది?" అంది. మళ్లీ మాత్ర మొదలుపెట్టి, ఆవిడ చెప్పిన లెక్కన కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. అన్నాళ్లూ కారు నా భార్యే నడిపింది.

మాత్ర పూర్తిగా ఆగి, డాక్టరమ్మ సరేనన్నాకే నేను మళ్లీ స్టీరింగ్ పట్టాను. మా అమ్మాయి ఇప్పుడు కారెక్కాక రోజూ ఒకటే అడుగుతుంది, "నాన్నా, బానే ఉన్నావా?" అని. మొన్నొక ఉదయం అది అలా అడిగేసరికి నా లోపల ఏదో కంగారుగా ఉంది. క్లయింటుకైనా, భార్యకైనా, ఎవరికైనా సరే "సూపర్‌గా ఉన్నా" అని చెప్పి బతికినవాణ్ణి. ఆ మాటే నోటిదాకా వచ్చింది.

"లేదు తల్లీ, ఇవాళ అమ్మతో వెళ్లు" అన్నాను.

"సరే నాన్నా" అంటూ బ్యాగు తీసుకుని కారు దిగి, అమ్మను పిలవడానికి మా అపార్ట్‌మెంట్ లిఫ్టు వైపు పరిగెత్తింది. దానికి అందులో వింతేమీ కనిపించలేదు. నాకు ఆ ఒక్క మాట అనడానికి నలభై ఏళ్లు పట్టింది.